బంతి అడగడానికి మొహమాటం వద్దు

చిరంజీవి బాబుకి,

పెదనాన్న ఆశీస్సులతో రాస్తున్న ఉత్తరం. ఫుట్‌బాల్ క్లబ్బు ఒప్పందం మీద సంతకం పెట్టావని మీ నాన్న చెప్పినప్పటి నుంచి ఇంట్లో అందరికీ పండగగా ఉంది. నువ్వు పంపిన ప్రాక్టీసు మ్యాచ్ వీడియో మొదటి నుంచి చివరిదాకా ఆపి ఆపి చూశాను. చూశాక నాలుగు మాటలు చెప్పాలనిపించింది. ఫోనులో అయితే నువ్వు ‘అలాగే పెదనాన్నా’ అని పెట్టేస్తావు. అందుకే కాగితం మీద పెడుతున్నాను.

మొదటి సగంలో మీ కుడి సెంటర్ బ్యాక్ (గోల్ ముందు మధ్యలో కాపుకాసే డిఫెండర్) దగ్గరికి బంతి వచ్చినప్పుడల్లా నువ్వు ఎక్కడ ఉన్నావో ఒకసారి చూసుకో. ప్రత్యర్థి ఫార్వర్డ్ వీపు చాటున ఉన్నావు. పరుగెడుతూనే ఉన్నావు, చొక్కా తడిసిపోయింది, గ్యాలరీలో కూర్చున్నవాళ్లకు ఒళ్లు దాచుకోని కుర్రాడిలాగే కనిపిస్తావు. కానీ నీకు పాస్ ఇవ్వాలంటే బంతి ఆ ఫార్వర్డ్ కాళ్లలోంచి దూరి రావాలి. రెండడుగులు పక్కకు జరిగి ఉంటే దారి తెరుచుకునేది. నువ్వు జరగలేదు, చెయ్యి చూపించలేదు, నోరు తెరవలేదు. మీ సెంటర్ బ్యాక్ దేశం తరఫున ఆడినవాడు, నీకంటే చాలా పెద్దవాడు. ‘నాకివ్వు’ అని అతణ్ణి అడగడానికి నీకు నోరు రాలేదు. ‘సీనియర్లు ఉన్నారు పెదనాన్నా, కొంచెం ఒదిగి ఉండాలి కదా’ అని నువ్వే అన్నావు.

ఒదిగి ఉండమని చిన్నప్పటి నుంచి నీకు చెప్పినవాళ్లలో నేనూ ఉన్నాను, ఆ మాట ఇప్పటికీ వెనక్కి తీసుకోను. అయితే నువ్వు బంతి అడగకపోతే ఏం జరిగిందో చూడు. దారి దొరక్క ఆ పెద్దాయన బంతిని పొడుగ్గా ముందుకు కొట్టాడు, అది ప్రత్యర్థికి చిక్కింది, కోచ్ కేకలు ఆయన మీద పడ్డాయి. చాటున నిలబడి నువ్వు ఆయనకిచ్చిన గౌరవం ఏమిటి? గౌరవం ఉన్నవాడు ఆయనకు పాస్ ఇచ్చే దారి చూపిస్తాడు. మ్యాచ్ అయ్యాక ఆయన బూట్ల సంచి మోస్తానంటే మోయి, నేను కాదనను.

ఈ ఇబ్బంది మన ఒక్కరిదే కాదు. 2002 ప్రపంచ కప్ కోసం దక్షిణ కొరియా జట్టు డచ్ కోచ్ గుస్ హిడింక్‌ను తెచ్చుకుంది. వయసుకు పెద్దపీట వేయడంలో కొరియావాళ్లు మనకు ఏమాత్రం తీసిపోరు. అక్కడ చిన్నవాడు పెద్దవాణ్ణి పేరు పెట్టి పిలవడు. భోజనాల దగ్గర కూడా పెద్దలు ఒకచోట, పిల్లలు ఒకచోట కూర్చునేవారు. హిడింక్ అందరినీ కలిపి కూర్చోబెట్టాడు, మైదానంలో మర్యాద పిలుపులు మాని పేరు పెట్టి పిలుచుకోమన్నాడు. వెనక నుంచి మనిషి వస్తున్నాడని చెప్పడానికి ఆటలో ఉండేది ఒక్క క్షణం. ఆ క్షణాన్ని మర్యాదకు ఖర్చుపెడితే బంతి పోతుంది. ఆ జట్టు ఆ ఏడాది సెమీఫైనల్ దాకా వెళ్లింది. పురుషుల ప్రపంచ కప్‌లో మరే ఆసియా జట్టూ అంత దూరం వెళ్లలేదు.

నువ్వు ఒక పని చెయ్యి. రేపు డ్రెస్సింగ్ రూములో ఆ సెంటర్ బ్యాక్ దగ్గరికి వెళ్లి, ‘అన్నా, లోపల పేరు పెట్టి అరుస్తాను, ఏమీ అనుకోకండి’ అని ముందే చెప్పు. ఆయన నవ్వి భుజం తడతాడు. తెలివైన సీనియర్ ఎవరైనా ఆ మాట కోసమే ఎదురుచూస్తాడు.

ధైర్యం ఎక్కడి నుంచి వస్తుందని అడిగావు. అద్దం ముందు నిలబడి నన్ను మించినవాడు లేడనుకుంటే వచ్చేది మొదటి ట్యాకిల్ దాకా కూడా నిలవదు. నీలాంటి మిడ్‌ఫీల్డర్‌కు, అంటే మైదానం మధ్యలో ఆడేవాడికి, ధైర్యం మెడలో ఉంటుంది. బంతి నీ దగ్గరికి రాకముందే తల తిప్పి ఎడమ భుజం మీదుగా ఒకసారి, కుడి భుజం మీదుగా ఒకసారి చూడు. బార్సిలోనా మిడ్‌ఫీల్డ్‌లో షావి ఆడిన మ్యాచ్‌లు దొరికితే బంతిని వదిలేసి అతని తలనే చూడు, ఒక్కచోట నిలవదు. ఎవరు ఎక్కడ ఉన్నారో ముందే చూసుకున్నవాడికి బంతి అంటే భయం ఉండదు, ఎటు తిరగాలో తెలుసు కనుక నోరు దానంతట అదే తెరుచుకుంటుంది. నీ వీడియోలో బంతి అందాకే నువ్వు తలెత్తుతున్నావు. ముందు అది మార్చుకో, నీకు పిరికితనం అనిపిస్తున్నదానిలో చాలా భాగం దాంతోనే పోతుంది.

మన హైదరాబాద్ ఫుట్‌బాల్ ఆటగాడు హబీబ్ గురించి నీకు ఎన్నోసార్లు చెప్పాను, మళ్లీ చెబుతాను. 1977 సెప్టెంబరు 24న కలకత్తా ఈడెన్ గార్డెన్స్‌లో మోహన్ బగాన్ మీద ఆడటానికి అమెరికా క్లబ్బు న్యూయార్క్ కాస్మోస్ వచ్చింది. అందులో పెలే ఉన్నాడు, 1970లో బ్రెజిల్‌కు ప్రపంచ కప్ అందుకున్న కెప్టెన్ కార్లోస్ ఆల్బెర్టో ఉన్నాడు. తొలి గోల్ కాస్మోస్‌దే. అలాంటివాళ్ల ఎదుట ఆడటమే పుణ్యం అనుకుని చేతులు కట్టుకుని నిలబడినా ఆ రోజు ఎవరూ తప్పుపట్టేవారు కాదు. మ్యాచ్ 2-2తో ముగిసింది, మోహన్ బగాన్ గోల్స్‌లో ఒకటి హబీబ్‌ది. ఎదుట ఎవరున్నా వెనక్కి తగ్గే మనిషి కాదాయన. ఆయన్ని బడే మియాఁ అని పిలుచుకున్నది ఊరికే కాదు. ప్రాక్టీసులో, అలవాట్లలో ఆయన క్రమశిక్షణ గురించి తోటి ఆటగాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ తెగువా ఈ క్రమశిక్షణా ఒకే మనిషిలో ఉన్నాయి. రెంటిలో ఏదో ఒకటి ఎంచుకోవాలని నీకెవరు చెప్పారో గానీ, అది నమ్మకు.

ఇక అణకువ. అది తీసుకునే పనిలో కనిపించాలి. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో మన జట్టు గ్రూపులో దక్షిణ కొరియా చేతిలో 0-2తో ఓడింది. ఆ తర్వాత జర్నైల్ సింగ్ తలకు గాయమైంది. అంతటి డిఫెండర్‌ను మన జట్టు కోచ్ రహీం సాబ్ బెంచి మీద కూర్చోబెట్టకుండా సెంటర్ ఫార్వర్డ్‌గా ముందుకు పంపారు. జర్నైల్ సెమీఫైనల్లో గోల్ కొట్టాడు, ఫైనల్లో అదే కొరియా మీద 2-1తో గెలిచినప్పుడు రెండో గోల్ కూడా అతనిదే. రేపు కోచ్ నిన్ను రైట్ బ్యాక్‌గా, అంటే కుడి అంచున డిఫెండర్‌గా, ఆడమంటే ముఖం మాడ్చుకోకు. ‘ఎక్కడ నిలబడాలి, బంతి లేనప్పుడు ఎవరిని పట్టుకోవాలి’ అని అడిగి వెళ్లి ఆడు. అక్కడికి వెళ్లాక మాత్రం అతిథిలా ఉండకు, ఆ స్థానం నీదే అన్నట్టు ఆడు.

ధైర్యం దారి తప్పడం కూడా ఉంటుంది, అది నీకు ఇప్పుడు తెలియాలి, పేరు వచ్చాక చెబితే చెవికెక్కదు. 2020 నవంబరులో ఇంగ్లండ్‌లో వెస్ట్ హామ్ క్లబ్బు మీద ఫుల్హామ్ క్లబ్బు 0-1తో వెనకబడి ఉంది. చివరి క్షణాల్లో ఫుల్హామ్‌కు పెనాల్టీ దొరికింది. అడెమోలా లుక్‌మన్ బంతిని మెల్లగా గోల్ మధ్యలోకి ఎత్తి వేశాడు. ఆ పద్ధతికి పేరు తెచ్చిన చెకోస్లొవేకియా ఆటగాడు పనెంకా 1976 యూరో ఫైనల్లో అలాగే కొట్టి కప్పు గెలిపించాడు, కానీ ఇక్కడ కీపర్ ఫాబియాన్‌స్కీ బంతిని చేతుల్లోకి తీసుకున్నాడు. మ్యాచ్ పోయింది, తన కోచ్ కూడా బహిరంగంగానే అసంతృప్తి చెప్పాడు. అదే లుక్‌మన్ 2024 మేలో యూరప్ క్లబ్బుల పోటీ అయిన యూరోపా లీగ్ ఫైనల్లో ఇటలీ క్లబ్బు అట్లాంటా తరఫున మూడు గోల్స్ కొట్టాడు. అప్పటికి 51 మ్యాచ్‌లుగా ఓటమి ఎరగని జర్మనీ క్లబ్బు లెవర్‌కూసెన్ 0-3తో ఓడింది. నాకు అందులో నచ్చింది ఆ మూడో గోల్ కంటే మధ్యలో గడిచిన ఏళ్లు. ప్రపంచమంతా వెక్కిరించినవాడు మళ్లీ బంతి అడగడం మానలేదు. మొదటి సీజన్లో నీకూ అలాంటి రోజు వస్తుంది. ఆ రాత్రి ఫోను కట్టేసి పడుకో, పొద్దున వీడియో చూసే గదికి అందరికంటే ముందు వెళ్లు, తప్పు నీదైతే నాదే అని చెప్పి కూర్చో.

డబ్బు గురించీ ఏజెంటు గురించీ ఎక్కువ రాయను, మీ నాన్న చూసుకుంటాడు. పొగిడేవాళ్ల గురించి మాత్రం ఒక మాట. రెండు మంచి మ్యాచ్‌లు ఆడాక ఫోను నిండా అభినందనలు వస్తాయి. అప్పుడు బంతి పోగానే చేతులు ఎగరేసి నిలబడిపోవడం మొదలవుతుంది, వెనక్కి పరుగెత్తడం తగ్గుతుంది. గర్వం నీ మొహంలో కంటే ముందు నీ కాళ్లలో కనిపిస్తుంది, అది నీ కోచ్‌కు తెలిసిపోతుంది. మ్యాచ్ జట్టు పట్టికలో నీ పేరు లేని రోజున కూడా అంతే, వెంటనే కోచ్ తలుపు తట్టకు. ఒక రోజు ఆగి, ప్రాక్టీసు అయ్యాక వెళ్లి ‘నేను ఏం మెరుగుపరుచుకోవాలి’ అని అడుగు. చెప్పినదాన్ని ఆ వారంలోనే చేసి చూపించు.

చివరగా, ఎడమ తొడ వెనక కండరం పట్టేస్తోందని మీ అమ్మతో అన్నావట. క్లబ్బు ఫిజియోకు చెప్పావా? చెబితే జట్టులోంచి తీసేస్తారని దాచి ఉంటావు. దాచి ఆడితే ఆ కండరం తెగి నెలల తరబడి కూర్చుంటావు, నీ స్థానం అప్పుడు నిజంగానే పోతుంది. రేపు పొద్దున బూట్లు వేసుకోకముందే వెళ్లి చెప్పు, ఆయన ఏమన్నాడో అమ్మకు ఫోను చెయ్యి.

ఆశీస్సులతో,
పెదనాన్న