మచ్చా, మరకా, గారా?

సందేహం: మాది గుంటూరు, బ్రాడీపేట. మా అపార్ట్‌మెంట్‌లో కొత్తగా స్విమ్మింగ్ పూల్ కట్టించాం. నీళ్లు నింపిన కొద్దిరోజులకే లోపలి తెల్ల ప్లాస్టరింగ్ పాడై కనిపిస్తోంది. కాంట్రాక్టరుకు రాసే ఉత్తరంలో మా కార్యదర్శి ‘ఉపరితలంపై లోపాలు ఏర్పడటం జరిగింది’ అని రాశారు. నేను ‘కొలను మచ్చలు పడింది’ అన్నాను. ఇంకొకరు ‘మరకలు’ అనాలన్నారు. ఏది సరైనది? ‘మచ్చలు పడింది’ అంటే వ్యాకరణం తప్పుతుందా?

సమాధానం: ముందుగా ‘లోపాలు ఏర్పడటం జరిగింది’ తీసేయండి. ‘జరిగింది’ అక్కడ చేసే పనేమీ లేదు. ‘లోపాలు’ అంటే ఏం కనిపించిందో చదివేవారికి తెలియదు. కాంట్రాక్టరు ఎలా కావాలంటే అలా అర్థం చెప్పుకోవచ్చు.

ఇక మచ్చ, మరక. ఈ రెంటినీ ఒకటే అనుకుని వాడేస్తున్నాం గానీ, వీటి మధ్య తేడా ఉంది. మరక బయటి నుంచి వచ్చి అంటుకునేది: సిరా మరక, కూర మరక, జీడి మరక. మచ్చ ఆ వస్తువులోనే ఉండేది: పుట్టుమచ్చ, మశూచి మచ్చ, చంద్రుడిలో మచ్చ. ‘మరక వదిలింది’ అంటాం. ‘మచ్చ వదిలింది’ అని ఎవరూ అనరు.

మీ కొలనుకు ఈ తేడా చాలా ముఖ్యం. ప్లాస్టరింగ్ గట్టిపడుతున్నా ఆపకుండా తాపీతో రుద్దితే అక్కడ నల్లబారుతుంది. త్వరగా గట్టిపడాలని కాల్షియం క్లోరైడ్ ఎక్కువ కలిపినా బూడిదరంగు తేలుతుంది. ఇవి పూతలోనే పుట్టినవి కాబట్టి మచ్చలే. బ్రష్షుతో ఎంత రుద్దినా పోవు. ప్లాస్టరింగ్ కింద కట్టుతీగ ముక్క ఉండిపోయి ఎర్రగా దిగితే, లేదా నీళ్లలోని ఇనుము అంటుకుంటే అది మరక. ‘తుప్పు మరక’ అని రాస్తే కారణం కూడా అందులోనే చెప్పినట్టు. దాని మీద విటమిన్ సి మాత్ర కాసేపు రుద్ది చూడండి. రంగు తేలికపడితే ఇనుమే. ఆకుపచ్చగానో నీలిగానో ఉంటే రాగిని అనుమానించాలి. రాగి, ఇత్తడి పాత్రలకు పట్టేదాన్ని మన ఇళ్లలో చిలుము అంటారు, ఆ మాటే వాడొచ్చు. కొన్ని ప్రాంతాల్లో ఇనుము తుప్పును కూడా చిలుము అంటారు కాబట్టి, ఉత్తరంలో ‘రాగి చిలుము’ అని రాయండి.

మీలో ఎవరికీ తట్టని మాట ఇంకొకటి ఉంది, నాకు చాలా ఇష్టమైనది: గార. పళ్లకు గార పట్టిందంటాం. పాతకాలపు సున్నపు అడుసుకూ గార అనే పేరు. పిడుగురాళ్ల సున్నపుబట్టీలు ఎరిగిన గుంటూరు వాళ్లకు ఈ రెండో అర్థం కొత్త కాదు. పళ్ల మీద పేరుకునేదీ కాల్షియం లవణాలే, కొత్త కొలను గోడకు తెల్లగా పట్టేదీ కాల్షియం లవణమే. కొత్త సిమెంటు పూత నుంచి సున్నం నీళ్లలోకి దిగి పీహెచ్‌ను పెంచుతుంది. నింపిన నీళ్లలో కాల్షియం ముందే ఎక్కువగా ఉంటే, అది గోడకు పేరుకుని గట్టిపడుతుంది. గోటితో గీసి చూడండి, గరుకుగా తగులుతుంది. అందుకే మొదటి వారాల్లో రోజూ బ్రష్షు కొట్టాలి, పీహెచ్‌ను 7.2 నుంచి 7.8 మధ్య ఉంచాలి అంటారు. అలా గట్టిపడ్డదాన్ని ‘తెల్లమచ్చలు’ అనకండి, ‘గార పట్టింది’ అనండి.

పేరు గురించి ఇంత పట్టుబట్టడానికి కారణం ఉంది. గార అయితే, పని తెలిసినవాళ్లు పలుచని యాసిడ్‌తో తీస్తారు. మచ్చ అయితే యాసిడ్‌కు పూత అరుగుతుంది, గరుకుబారుతుంది, మచ్చ మాత్రం అలాగే ఉంటుంది. ఉత్తరంలో మాట తప్పితే పని కూడా తప్పుతుంది.

పగుళ్ల సంగతి మీరు అడగలేదు గానీ, ఉంటే వాటిని ‘నెర్రెలు’ అనకండి. నెర్రె అంటే మన నల్లరేగడి చేలో వేసవికి విచ్చుకునేది, కాలు దిగబడేంత ఉంటుంది. పూత మీద సన్నగా అల్లుకున్నవి ‘వెంట్రుకవాసి పగుళ్లు’. పూత పొరలుగా లేస్తే ‘పెచ్చులు’. పెచ్చు ఊడకముందే కర్రతో తట్టి చూస్తే అక్కడ డొల్లగా మోగుతుంది. ఆ సంగతి కూడా రాయండి, కాంట్రాక్టరు కాదనలేడు.

మీ చివరి ప్రశ్న. ‘మచ్చలు పడింది’ తప్పేమీ కాదు. ‘నేల బీటలు వారింది’, ‘గోడ పెచ్చులూడింది’ అన్నప్పుడు కర్త నేల, గోడ. క్రియ వాటినే అనుసరిస్తుంది, బీటలు బహువచనమైనా సరే. ‘గోడకు’ అనో ‘గోడ మీద’ అనో మొదలుపెడితే కర్త మారుతుంది. అప్పుడు ‘గోడకు బీటలు పడ్డాయి’, ‘గోడ మీద మచ్చలు పడ్డాయి’ అనాలి. ‘గోడకు బీటలు పడింది’ మాత్రం తప్పు. ఉత్తరంలో రెండో తీరే మేలు, ఎక్కడ ఏముందో విడివిడిగా చెప్పొచ్చు. ఇలా రాయండి: ‘కొలను లోతు వైపు గోడకు గార పట్టింది. మెట్ల దగ్గర రెండుచోట్ల తుప్పు మరకలు ఉన్నాయి. అడుగున ప్లాస్టరింగ్‌లోనే బూడిదరంగు మచ్చలు తేలాయి. వీటిలో దేన్ని ఎలా సరిచేస్తారో విడివిడిగా రాసి ఇవ్వగలరు.’