నీటి గురించి అడిగారు, ముందు నొప్పి బిళ్ళలు ఆపండి

ప్రశ్న: నా వయసు 42. మాది కవిటి మండలం, కొబ్బరి తోటల్లో పని చేస్తాను. భూమ్మీద ఇంత నీరుండగా మా ఉద్దానానికి తాగునీటి భయం ఎందుకు? బోరు నీటిని మరగబెట్టి తాగితే కిడ్నీలకు ముప్పు తప్పుతుందా? మా అన్నయ్యకు డయాలసిస్ జరుగుతోంది. పని అయ్యాక నడుము నొప్పికి మందుల షాపులో బిళ్ళ తెచ్చుకుంటున్నాను.

జవాబు: భూమ్మీది నీటిలో దాదాపు 97 శాతం ఉప్పునీరే. మిగిలిన మంచినీటిలోనూ ఎక్కువ భాగం మంచు రూపంలో ఉంది కనుక మనం నదుల మీద, భూగర్భజలం మీద ఆధారపడక తప్పదు. భూగర్భజలం తాను తాకిన రాళ్లలోని లవణాలను కరిగించుకుని వస్తుంది. మరగబెడితే సూక్ష్మజీవులు నశిస్తాయి గాని, కరిగి ఉన్న లవణాలూ లోహాలూ పోవు. హిరమండలం జలాశయం నుంచి వచ్చే వంశధార నీరు మీ ఊరి కొళాయికి అందుతుంటే, తాగడానికీ వంటకూ దానినే వాడండి. అయితే మీ ఉద్దానం ప్రాంతంలో ఎక్కువగా కనిపిస్తున్న కిడ్నీ వ్యాధికి నీరొక్కటే కారణమని ఇంతవరకు నిర్ధారణ కాలేదు.

మీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా కలవరపెట్టినది చివరి వాక్యం. ఎండలో చెమటోడ్చి, తగినంత నీరు తాగకుండా పని చేసినప్పుడు కిడ్నీలకు రక్తప్రసరణ తగ్గుతుంది. అప్పుడు వాటిలోని రక్తనాళాలు మూసుకుపోకుండా ప్రోస్టాగ్లాండిన్లనే రసాయనాలు కాపాడతాయి. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ వంటి నొప్పి మందులు సరిగ్గా ఆ రసాయనాల తయారీనే అడ్డుకుంటాయి. అంటే మీ బిళ్ళ అలాంటిదే అయితే, కిడ్నీకి రక్షణ అత్యవసరమైన సాయంత్రం వేళే మీరు ఆ రక్షణను తీసివేస్తున్నారు. ఇంట్లో ఒకరు డయాలసిస్ దాకా వెళ్లినా, ఏ మందో తెలియని బిళ్ళను చీటీ లేకుండా కొనుక్కోవడం తగదండీ. షాపువారు ఇచ్చారన్నది సమాధానం కాదు.

మిమ్మల్ని పరీక్షించకుండా జబ్బు ఉందనీ లేదనీ నేను చెప్పలేను. ఒంట్లో బాగానే ఉందని ఆగకండి. కిడ్నీల పనితీరు సగం వరకు తగ్గినా రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీలు వడగట్టి పంపే వ్యర్థం) మామూలుగానే కనిపించవచ్చు. అందుచేత క్రియాటినిన్‌తో పాటు ఈజీఎఫ్‌ఆర్ (కిడ్నీలు రక్తాన్ని ఎంత బాగా వడగడుతున్నాయో చెప్పే అంచనా), మూత్రంలో అల్బుమిన్ అనే ప్రోటీన్, బీపీ, షుగర్ పరీక్షలు ఈ వారంలోనే చేయించుకోండి. పలాసలోని కిడ్నీ ఆసుపత్రి మీకు దగ్గరే. తోటకు వెళ్లేటప్పుడు నీళ్ల సీసా వెంట ఉంచుకుని, దాహం వేసేదాకా ఆగకుండా కొద్దికొద్దిగా తాగండి. అయితే ఈ మాట మీ అన్నయ్యకు వర్తించదు, డయాలసిస్‌లో ఉన్నవారు ఎంత నీరు తాగాలో వారి వైద్యులే నిర్ణయించాలి. పరీక్షలకు వెళ్లేటప్పుడు ఇంతవరకు వాడిన బిళ్ళల ఖాళీ షీట్లన్నీ తీసుకువెళ్లి డాక్టరుకు చూపించండి.