రోజూ పరీక్ష పెట్టుకోకు పాపా

కడప.

చిరంజీవి మేనకోడలికి అత్త ఆశీస్సులు.

పాపా, చలికాలమంతా హుషారుగా పరిగెత్తిన దానివి, ఇప్పుడు అలారం మోగినా లేవబుద్ధి కావట్లేదని రాశావు. నాలో పట్టుదల లేదేమో అత్తా అని నీకు నువ్వే తీర్పు కూడా చెప్పుకున్నావు. నేను అలా అనుకోవడం లేదు. నువ్వు పంపిన యాప్ లెక్కలు చూశాను. పరిగెత్తిన ప్రతిరోజూ నిన్నటికంటే వేగంగా పోవాలని చూశావు. రోజూ పరీక్ష రాయమంటే ఏ పిల్లకైనా చదువు మీద ఇష్టం మిగులుతుందా? ఇన్నేళ్లు పీఈటీగా పిల్లల్ని పరిగెత్తించాను కదా, పరుగు మానేసినవాళ్లలో బద్ధకస్తులు తక్కువ. రోజూ ఆయాసపడి విసిగిపోయినవాళ్లే ఎక్కువ.

కాబట్టి ముందు నెమ్మదించు. పక్కన ఒక మనిషి ఉంటే మాట తెగకుండా కబుర్లు చెప్పగలిగేంత వేగం చాలు. నడకకంటే కొంచెమే ఎక్కువగా ఉందే అని నీకు సిగ్గనిపిస్తుంది. అనిపించనీ. గుండె బలపడేదీ, కండరాలకు ఎక్కువసేపు పనిచేసే శక్తి వచ్చేదీ చాలావరకు ఇలాంటి పరుగుతోనే. న్యూజిలాండ్ కోచ్ ఆర్థర్ లిడియార్డ్, 800 మీటర్లు పరిగెత్తే పీటర్ స్నెల్ చేత కూడా వారానికి 160 కిలోమీటర్ల దాకా దూరపు పరుగులు చేయించేవాడు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో స్నెల్ 800 మీటర్లలోనూ, లిడియార్డ్ ఇంకో శిష్యుడు ముర్రే హాల్‌బర్గ్ 5000 మీటర్లలోనూ ఒకే రోజు బంగారు పతకాలు గెలిచారు. నీకు అంత దూరం అక్కర్లేదు. వారానికి నాలుగు రోజులు చాలు. అందులో ఒక్కరోజు వేగంగా, ఒక్కరోజు ఎక్కువ దూరం, మిగతావి హాయిగా. దూరం మాత్రం కొంచెం కొంచెంగా పెంచు. ఆయాసం కొన్ని వారాల్లోనే తగ్గుతుంది గానీ, ఎముకలు గట్టిపడటానికి నెలలు పడుతుంది. ఆయాసం రావట్లేదు కదా అని ఒక్కసారిగా పెంచేసినవాళ్లకే మోకాలి కింద ముందెముక నొప్పి పట్టుకుంటుంది.

లేవబుద్ధి కాని రోజు కోసం ఒక పద్ధతి చెప్తాను. బట్టలు, సాక్స్, షూ రాత్రే తలుపు దగ్గర పెట్టుకో. పొద్దున లేచాక "పోవాలా వద్దా" అని ఆలోచించకుండా బయటపడి పది నిమిషాలు పరిగెత్తు. అప్పటికీ మనసు ఒప్పకపోతే వెనక్కి వచ్చేయ్, తప్పేం లేదు. వెనక్కి వచ్చే రోజులు తక్కువే ఉంటాయి, చూడు. ఒకరోజు మానేస్తే ఆ దూరాన్ని మర్నాటికి కలపకు. వారంలో ఒక్కసారైనా ఫోన్ ఇంట్లో పెట్టి పో. మీ ఊరి పోలీస్ ట్రైనింగ్ కాలేజీ (పీటీసీ) గ్రౌండ్‌కి పొద్దున్నే వచ్చే ఆడవాళ్లలో ఇద్దరితో పరిచయం చేసుకో. మనకోసం ఇంకొకరు అక్కడ నిలబడి ఉన్నారంటే కాళ్లు వాటంతటవే కదులుతాయి. పైగా చీకటితో బయల్దేరే పిల్లకు తోడుండటం మీ నాయనకూ నాకూ నిశ్చింత.

ఇక ఎండ. అనంతపురంలో మార్చి నుంచే మాడుతుందని నీకు నేను చెప్పాలా! ఈ మూడు నెలలు అయిదు గంటలకే మొదలుపెట్టి, సూర్యుడు పైకి రాకముందే ముగించు. సాయంత్రం పరుగు వద్దు, రోడ్డు పగలంతా మింగిన వేడిని అప్పుడు కక్కుతుంది. ఒళ్లు వేడికి అలవాటు పడటానికి పది పద్నాలుగు రోజులు పడుతుంది, అన్నాళ్లూ వేగం చూసుకోనే వద్దు. మన దగ్గర గాలి పొడి కాబట్టి చెమట పట్టింది పట్టినట్టే ఆరిపోతుంది, ఎంత పోయిందో తెలియదు. టీషర్టు మీద తెల్లటి ఉప్పు చారలు కనిపిస్తే అర్థం చేసుకో. గంట దాటే పరుగుకి ఓఆర్ఎస్ పెట్టుకో. ప్యాకెట్ లేకపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఆరు టీ చెంచాల చక్కెర, అర టీ చెంచా ఉప్పు, చెంచా తలగొట్టి కొలుచుకో. ఇంటికొచ్చాక ఉప్పేసిన మజ్జిగ. దాహం లేకపోయినా ఉత్త నీళ్లు లీటర్లు లీటర్లు తాగడం మంచిది కాదు, రక్తంలో సోడియం పడిపోతుంది. తల తిరిగినా, ఎండలో వణుకు పుట్టినా, మాట తడబడినా అక్కడికక్కడే ఆగి నీడకి చేరు, ఒంటి మీద నీళ్లు పోసుకో, ఎవరినైనా పిలువు.

సామాన్ల సంగతికొస్తే, నువ్వు పదిహేను వేల వాచీ గురించి అడిగావు. ఇప్పుడు వద్దు. డబ్బు పెట్టాల్సినవి రెండే: షూ, స్పోర్ట్స్ బ్రా.

షూ సాయంత్రం పూట కొను, అప్పటికి పాదాలు కొద్దిగా ఉబ్బి ఉంటాయి. పరిగెత్తేటప్పుడు వేసుకునే సాక్స్‌తోనే వేసి చూడు. నిలబడినప్పుడు పొడుగు వేలి ముందు చేతి బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉండాలి, మడమ జారకూడదు. షాపులోనే నాలుగు అడుగులు పరిగెత్తి చూడు, షాపువాడు ఏమనుకుంటాడోనని మొహమాటపడకు. ధర, రంగు చూసి కాదు, కాలికి హాయిగా ఉన్నది తీసుకో. పందేల్లో వేగం కోసం అడుగున కార్బన్ ప్లేట్ పెట్టినవి నీకు అనవసరం. ఒక జత సుమారు 500 నుంచి 800 కిలోమీటర్లు వస్తుంది, కొన్న తేదీ షూ నాలుక లోపల పెన్నుతో రాసిపెట్టుకో. వాటినే ఆఫీసుకి, బజారుకి వేసుకుపోతే ముందే అరిగిపోతాయి. తడిస్తే లోపల న్యూస్‌పేపర్ కుక్కి నీడలో ఆరబెట్టు. సాక్స్ కాటన్‌వి వద్దు, తడిని పట్టుకుని బొబ్బలు తెప్పిస్తాయి.

బ్రా గురించి మన ఇళ్లల్లో ఎవరూ చెప్పరు కాబట్టి నేనే చెప్తున్నాను. ట్రయల్ రూమ్‌లో వేసుకుని గెంతి చూడు. కింది పట్టీలో రెండు వేళ్లు మాత్రమే దూరాలి, ఊపిరి మాత్రం ఇబ్బంది లేకుండా ఆడాలి. ఎలాస్టిక్ వదులైతే మార్చేయ్. ఎక్కువ దూరం పోయే రోజు పట్టీలు ఒరుసుకునే చోట, తొడల మధ్య వ్యాజలిన్ రాసుకో.

హైవే మీదికి మాత్రం పోవద్దు. ఎప్పుడైనా రోడ్డు మీద పరిగెత్తాల్సి వస్తే కుడిపక్కనే పో, ఎదురొచ్చే బండి నీకు కనపడాలి. మెరిసే పట్టీ ఉన్న జాకెట్ వేసుకో, చెవుల్లో ఇయర్‌ఫోన్లు వద్దు. కుక్కలు వెంటపడితే పరుగు ఆపి మెల్లగా నడువు.

ఆగస్టులో హైదరాబాద్ మారథాన్‌లో హాఫ్‌కి పేరు ఇవ్వనా అని అడిగావు. ఇవ్వు. 21 కిలోమీటర్లకు నీకు టైముంది. అక్కడ ఫ్లైఓవర్లు ఎక్కాలి, పైగా గాల్లో తేమ, కాబట్టి జూన్ నుంచి వారానికొకసారి ఎత్తు ఉన్న దారి చూసుకో. ఉగాదికి వస్తావు కదా, ఇప్పుడు వాడుతున్న షూ తెచ్చుకో. ఇంకెన్నాళ్లు పనికొస్తాయో చూసి చెప్తాను, మార్చాల్సి వస్తే ఆ సాయంత్రమే ఇద్దరం బజారుకి పోదాం.

మీ అత్త