డెమో చూసి మిషన్ కొనెయ్యకు

అమ్మాయ్,

నువ్వు కొందామనుకుంటున్న కార్నియా స్కాన్ మిషన్ బ్రోచర్ చదివాను. కార్నియా, అంటే కంటి ముందుండే పారదర్శక పొర, దాని వంపుని చూపించే రంగుల మ్యాపులు బావున్నాయి. కార్నియా పలచబడి శంకులా ముందుకొచ్చే కెరటోకోనస్ జబ్బుని ఇట్టే పట్టేస్తుందట. సరే, ఎవరి కళ్లలో పట్టింది? ముందు అదడుగు. కార్నియా శంకులా ముందుకొచ్చేసిన కళ్లనీ, ఏ జబ్బూ లేని కళ్లనీ పక్కపక్కన పెడితే తేల్చడానికి అన్ని లక్షలెందుకు, కిందికి చూడమని కింది రెప్ప వంపు చూసి నేనే చెప్పేస్తాను.

అద్దాలు వదిలించుకోడానికి లేసిక్ ఆపరేషన్ చేయించుకుంటానని ఇరవయ్యేళ్ల కుర్రాడొస్తాడు చూడు, అద్దాలతో 6/6 చదివేస్తాడు, కానీ సిలిండర్ పవర్ ఏటా మారుతుంటుంది, చిన్నప్పట్నుంచీ దురదకి కళ్లు నలుపుకునే అలవాటు, అలాంటివాడి దగ్గర ఏం చెబుతుందో చూడాలి. ఒక కంట్లో జబ్బు బయటపడి, రెండోది బాగున్నట్టే ఉన్నవాళ్లని కూడా కూర్చోబెట్టు. మ్యాప్ చదివే డాక్టరుకి అది ఎవరిదో తెలియనివ్వకు.

ఒకే కంటికి మూడు స్కాన్లు తియ్యి, ప్రతిసారీ తల వెనక్కి తీయించి మళ్లీ పెట్టించి. ఏడాదిలో కేమ్యాక్స్, అంటే కార్నియాలో అన్నిటికన్నా ఎక్కువ వంపున్న చోటి అంకె, 1 డయాప్టర్ పెరిగితే జబ్బు ముదురుతోందని క్రాస్‌లింకింగ్ (కార్నియాని గట్టిపరిచే చికిత్స) గురించి ఆలోచిస్తాం కదా, మిషనే అంత ఊగుతుంటే పెరిగింది జబ్బో, మిషన్ తేడానో ఎలా తెలుస్తుంది? పైగా ముదిరిన కళ్లలో అంకెలు ఇంకా ఎక్కువ ఊగుతాయి.

పాత మిషన్‌తో పోల్చేటప్పుడు కార్నియా మందం దగ్గర జాగ్రత్త. మామూలు క్రాస్‌లింకింగ్‌కి పైపొర తీశాక 400 మైక్రాన్లు ఉండాలంటాం. ఒక మిషన్ 410 అని, ఇంకోటి 390 అని చెబితే పేషెంటుకి ఏం చెప్తావు? సగటున రెండూ ఒకటేనని సేల్స్ అబ్బాయి అంటాడు, వినకు, ఒక్కో కంటికి తేడా ఎంతో రాసుకో. ప్లాసిడో మిషన్ (కంటి మీద పడ్డ వలయాల ప్రతిబింబాన్ని చూసేది) అయితే కార్నియా ముందు వైపే చూస్తుంది, వెనక వంపు దానికి కనపడదు.

మేమొకప్పుడు పనిచేసిన చోట కంటి ప్రెజర్ చూశాక స్కాన్‌కి పంపేవాళ్లు. తిమ్మిరి చుక్కలు, రంగు మందు, ప్రోబ్ తాకిడి అన్నీ అయ్యాక మ్యాపులు చెదిరిపోక ఏమవుతాయి! వారం రోజులు మిషన్‌ని తిట్టుకున్నాం. స్కానే ముందు, కంట్లో ఏదీ వెయ్యకముందే. కాంటాక్ట్ లెన్సులు ఎన్నాళ్ల క్రితం ఆపారో కూడా అడిగించు, గట్టి లెన్సులైతే వారాలు పడుతుంది.

క్యాంపులకి తీసుకెళ్తానన్నావు. బెంగళూరులో మైక్రోసాఫ్ట్ రీసెర్చ్ వాళ్లు ఫోన్‌కి వలయాలు తగిలించి చేసింది కూడా అలాంటి చోట్లకే. కానీ లెక్క వేసుకో: వెయ్యిమందిలో ఇరవైమందికి జబ్బుందనుకుందాం, మిషన్ జబ్బున్నవాళ్లలోనూ, లేనివాళ్లలోనూ నూటికి తొంభై అయిదు సరిగ్గా చెప్పినా, 19 మంది అసలువాళ్లతో పాటు 49 మంది ఏమీ లేనివాళ్లు కూడా నీ ఓపీ ముందు టెన్షన్‌తో నిలబడతారు. వాళ్లని మళ్లీ చూసే ఓపిక, మనుషులు ఉన్నారా?

రెండు వారాలు మిషన్‌ని మీ దగ్గర వదిలిపెట్టమను. ఒప్పుకోకపోతే నాకు ఫోన్ చెయ్యి, వాళ్ల మేనేజర్‌తో నేను మాట్లాడతాను.