కాల్పులు మొదలైతే పోలీసులు ఎంతసేపట్లో వస్తారు, వచ్చాక ఏం చేస్తారు?

మీ చెల్లెలు చదువుకోవడానికి అమెరికా వెళ్తోందని, క్యాంపస్‌లో కాల్పులు జరిగితే పోలీసులు ఎంతసేపట్లో వస్తారని అడిగారు. అక్కడ మాస్టర్స్ చేస్తున్నప్పుడు నేనొకసారి ఆ టెన్షన్ అనుభవించాను కాబట్టి చెప్తున్నాను.

లైబ్రరీ మూడో అంతస్తులో ఉండగా అందరి ఫోన్లూ ఒక్కసారిగా మోగాయి, తుపాకీతో ఎవరో లోపలికి వచ్చారని. ఆరుగురం ఒక చిన్న గదిలో దూరి, లైటు ఆపేసి, తలుపుకి టేబుల్ అడ్డం పెట్టి గోడవారగా కూర్చున్నాం. మాలో ఒకమ్మాయి అక్కడి ఎమర్జెన్సీ నంబర్ 911కి ఫోన్ చేసి గుసగుసగా మాట్లాడుతుంటే వాళ్లు గది నంబర్ అడిగారు, ఒక్కరికీ తెలియదు. కాసేపటికి తలుపు పక్కనున్న సన్నటి గాజు పట్టీలోంచి నలుగురు పోలీసులు కనిపించారు. మెట్ల దగ్గర పరుగులో పడి కాలు విరిగిన ఒకమ్మాయి ఏడుస్తూ పిలుస్తోంది, వాళ్లు ఆగకుండా ఆమెను దాటుకుని వెళ్లిపోయారు. నాకు ఒళ్లు మండిపోయింది. చివరికి అది ఎవరో చేసిన దొంగ కాల్ అని తేలింది గానీ, వాళ్లెందుకు ఆగలేదో తర్వాత చదివితేగానీ అర్థం కాలేదు.

1999లో కొలంబైన్ స్కూల్లో కాల్పులు జరిగినప్పుడు పోలీసులు బయట చుట్టుముట్టి స్వాట్ టీమ్ (ప్రత్యేక శిక్షణ ఉన్న సాయుధ పోలీసు దళం) కోసం ఆగారు. లోపల తూటా తగిలిన టీచర్ డేవ్ శాండర్స్ గంటల తరబడి సాయం అందక, రక్తం పోయి చనిపోయారు. అప్పటినుంచి పద్ధతి మారింది. ముందు చేరినవాళ్లే, ఎంతమంది ఉంటే అంతమంది, నేరుగా కాల్చేవాడి మీదికి వెళ్లాలి, గాయపడ్డవాళ్లను వెనక వచ్చే టీమ్ చూసుకుంటుంది. 2023లో నాష్‌విల్ స్కూల్లో అలాగే వెళ్లారు, మొదటి కాల్ తర్వాత సుమారు 14 నిమిషాల్లో ముగించారు, అయినా ఆరుగురు పోయారు. 2022లో టెక్సస్‌లోని యువాల్డీ స్కూల్లో మాత్రం మొత్తం 376 మంది పోలీసులు వచ్చి కూడా 77 నిమిషాలు క్లాస్‌రూమ్‌లోకి వెళ్లకుండా ఆగిపోయారు, లోపల పిల్లలు 911కి ఫోన్లు చేస్తూనే ఉన్నారు. 19 మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు పోయారు. తలుచుకుంటే ఇప్పటికీ కడుపు రగిలిపోతుంది.

ఇక టైమ్ సంగతి. ఎఫ్‌బీఐ 2000 నుంచి 2013 వరకు జరిగిన 160 ఘటనలు పరిశీలించింది, ఎంతసేపు సాగాయో తెలిసిన 63లో 44 ఐదు నిమిషాల్లోపే అయిపోయాయి. అంటే పోలీసులు ఎంత పరుగున వచ్చినా ఆ మొదటి నిమిషాలు మీ చెల్లెలే చూసుకోవాలి. దారి ఉంటే బ్యాగు వదిలేసి బయటికి పరుగెత్తమనండి, లేకపోతే తాళం వేసుకుని ఫోన్ సైలెంట్‌లో పెట్టుకోవాలి. పోలీసులు కనిపించగానే చేతులు పైకెత్తాలి, చేతిలో ఫోన్ కూడా ఉండకూడదు, వాళ్ల వైపు పరుగెత్తకూడదు, పట్టుకోకూడదు. అరుస్తారు, నెడతారు, బేడీలు వేసినా వేస్తారు, ఎవరెవరో వాళ్లకి తెలియదు కదా.

రోజూ కూర్చునే గది నంబర్, తలుపు ఎటు తెరుచుకుంటుందో ముందే చూసుకోమనండి. బయటికి తెరుచుకునే తలుపుకి టేబుల్ అడ్డం పెట్టి లాభం లేదు, మాది అలాంటి తలుపే అని బయటికి వస్తున్నప్పుడు చూశాం.