మైకు మీ దాకా వచ్చినప్పుడు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకటే బాధ. ఊళ్లో నీళ్లు పాడవుతున్నాయి, చెబితే నువ్వు ఫలానా పార్టీ అంటున్నారు, చెప్పకుండా ఉందామంటే మనసు ఊరుకోవడం లేదు, ఎక్కడ చెప్పాలి, ఎట్లా చెప్పాలి అని. అందుకని ఈసారి మిగతా ప్రశ్నలన్నీ వచ్చే నెలకు జరిపి వీటికే చోటిచ్చాను. పేర్లు వేయొద్దని అందరూ అడిగారు కాబట్టి ఏ వైపు వాళ్లో మాత్రమే రాస్తున్నాను.

ప్రశ్న: అక్కా, మాది కావలి వైపు. మా ఊరికి రెండు కిలోమీటర్ల దూరంలో ఒక ఫ్యాక్టరీ వస్తుందట. ప్రజాభిప్రాయ సేకరణ సభ అని పేపర్లో ప్రకటన వేశారు, ఇంకా మూడు వారాలుంది. పెద్దలేమో "అంతా పైన ఎప్పుడో అయిపోయింది, మనం అరిచినా ఒకటే అరవకపోయినా ఒకటే, బహిష్కరిద్దాం" అంటున్నారు. ఇంకొందరు కంపెనీ పెట్టే ఆటోలెక్కి పోయి చేతులెత్తి రావడానికి ఒప్పుకున్నారు. పోవాలా వద్దా? పోతే ఏం మాట్లాడాలి? మైకు చూస్తేనే నాకు టెన్షన్.

జవాబు: పో తమ్ముడూ, తప్పకుండా పో. పెద్దల కోపం నాకు అర్థమవుతుంది, కానీ ఒక సంగతి వాళ్లకు ఎవరూ చెప్పినట్టు లేదు. ఈ సభకు కోరం, అంటే ఇంతమంది వస్తేనే సభ అన్న లెక్క, లేదు. 2006 సెప్టెంబరు 14న కేంద్రం ఇచ్చిన పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్‌లో ఆ మాట రాసే ఉంది. వెయ్యి మంది వచ్చినా పదిమందే వచ్చినా సభ జరిగినట్టే, మీరు ఇంట్లో కూర్చుంటే ఆ పదిమంది చెప్పిందే మీ ఊరి అభిప్రాయమని కాగితం మీదికి ఎక్కుతుంది. ఇది ఓటింగ్ కూడా కాదు, ఆటోల్లో వచ్చినవాళ్ల చేతులు లెక్కపెట్టి అనుమతి ఇచ్చే పద్ధతి అందులో లేదు. ఎవరు ఏ అభ్యంతరం చెప్పారు, దానికి కంపెనీ ఏం బదులిచ్చింది అన్నది రాసి పంపాలి, పర్యావరణ ప్రభావం మీద కంపెనీ ఇచ్చే తుది నివేదికలో ఆ అభ్యంతరాలకు జవాబు కనపడాలి. కాబట్టి నువ్వు వెంట తీసుకుపోవాల్సింది ఒక మంచి ప్రశ్న.

ప్రకటనకూ సభకూ మధ్య కనీసం 30 రోజుల గడువు పెట్టింది ఇందుకే. ఆ నివేదిక ముసాయిదా కలెక్టరాఫీసులో, జిల్లా పరిషత్తులో, జిల్లా పరిశ్రమల కేంద్రంలో జనం చూడటానికి ఉంచాలి, తెలుగులో సారాంశం కూడా ఉండాలి. మీలో ఇద్దరు ముగ్గురు, ఇంగ్లీషు చదవగలిగిన పిల్లనో పిల్లోడినో ఒకరిని వెంటబెట్టుకుని పోయి కూర్చోండి. అన్ని పేజీలూ అక్కర్లేదు, నీళ్ల పేజీ తీయండి. రోజుకు ఎన్ని కిలోలీటర్లు వాడతారు, ఎక్కడి నుంచి తెస్తారు, వాడేశాక ఎక్కడికి వదులుతారు. మీ చెరువు, మీ బావులు వాళ్ల మ్యాపులో ఉన్నాయా. ఇంకోటి, ఇది మన నెల్లూరు జిల్లా వాళ్లే అడగగలిగిన ప్రశ్న: నీళ్లు ఏ నెలల్లో కొలిచారు? మనకు పెద్ద వానలు ఈశాన్య రుతుపవనాలవి, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. ఒక తుపాను వచ్చి బావులు పైదాకా నిండాక జనవరిలో వచ్చి కొలిస్తే మన నేలలో నీళ్లకు కరువే లేనట్టు కనపడుతుంది. మే నెలలో కొలిచారా అని అడుగు.

కొన్నేళ్ల కింద ఇట్లాంటి సభకొకదానికి నేనూ పోయాను. షామియానా వేసి, కుర్చీలు వేసి, మజ్జిగ ప్యాకెట్లు పంచారు. మొదటి రెండు గంటలు నాయకులే మాట్లాడారు, ఒకాయన ఇంకో ఆయన్ని తిట్టడం, వీళ్లు చప్పట్లు, వాళ్లు కేకలు. ఒంటిగంట దాటి జనం సగం లేచిపోయాక ఒక పెద్దాయన తువ్వాలు భుజాన వేసుకుని మైకు దగ్గరికి వచ్చాడు. చేతిలో మనవడి పాత నోటుపుస్తకం. అందులో ఆయన బావిలో నెల నెలా ఎంత లోతున నీళ్లున్నాయో రాసి ఉంది, పెన్సిలుతో, మూడేళ్లది. అది చదివి, "మీరు తవ్వే బోర్లు ఎన్ని, వాటి లెక్క ఏ పేజీలో ఉంది, ఆ పేజీలో మా బావి ఉందా" అని మాత్రం అడిగి నిలబడ్డాడు. వేదిక మీద కంపెనీ ఆయన పేజీలు తిప్పుతూ ఉండిపోయాడు. చివరికి, చుట్టుపక్కల బావులన్నీ మళ్లీ కొలిపిస్తామని చెప్పాడు, అధికారి ఆ మాట రాయించాడు. ఆరోజు అక్కడ ఎవరేం మాట్లాడారో నాకు ఇప్పుడు ఒక్కటీ గుర్తులేదు, ఆ నోటుపుస్తకం అట్టమీద బొమ్మ కూడా గుర్తుంది.

నువ్వు కూడా రాసుకుని పో, చూసి చదువు, ఎవరూ తప్పు పట్టరు. అదే కాగితాన్ని సంతకంతో ఇచ్చి ముట్టినట్టు రాయించుకో. సభకు కలెక్టరుగానీ, ఆయన తరఫున అదనపు జిల్లా మెజిస్ట్రేటుకు తగ్గని అధికారిగానీ కూర్చుంటారు, మొత్తం వీడియో తీస్తారు. ఒక్క విషయం మాత్రం మరిచిపోవద్దు: సభ చివర్లో జరిగిందంతా క్లుప్తంగా తెలుగులో చదివి వినిపించాలి. దాని దాకా ఆగేవాళ్లు తక్కువ, భోజనం వేళ దాటిందని పోతారు. నువ్వు ఆగు, నీ ప్రశ్న అందులో లేకపోతే అక్కడే లేచి చెప్పు. ఆ తర్వాత అనుమతి ఇచ్చేసినా దారి మూసుకుపోదు, 30 రోజుల్లోపు చెన్నైలో ఉన్న జాతీయ హరిత ట్రిబ్యునల్ బెంచికి అప్పీలుకు పోవచ్చు, అప్పుడు నీ చేతిలో ఉండాల్సిన మొదటి కాగితం ఆ ముట్టినట్టు రాయించుకున్న కాపీయే.

ప్రశ్న: అమ్మా, మాది వాకాడు వైపు. మా రెండెకరాల కయ్యకు మూడు వైపులా రొయ్యల గుంటలు. నేల చౌడు తేలింది, ఎడగారు, అంటే రెండో పంట, వేయడం మానేశాం. బావి నీళ్లతో పప్పు ఉడకడం లేదమ్మా, తాగడానికి క్యాను కొంటున్నాం. ఆ గుంటల్లో రెండు మా మేనమామ కొడుకువే. నేను నోరు తెరిస్తే "మీరు మా పార్టీ కాదు కాబట్టి మా మీద పడి ఏడుస్తున్నారు" అంటాడు. ఏం చేయమంటారు?

జవాబు: పప్పు ఉడకడం లేదన్న ఒక్క మాటతో మీ బావి సంగతి నాకు కళ్లకు కట్టింది తల్లీ. అది ఏ పార్టీ పప్పూ కాదు, మీ మేనమామ కోడలి ఇంట్లో కూడా ఉడికి ఉండదు. మొదట ఆమెతో మాట్లాడు. మేనమామ కొడుకుతో మైకులో మాట్లాడే కంటే ఆమెతో పొయ్యి దగ్గర మాట్లాడటం తేలిక.

తర్వాత లెక్క చేతిలో పెట్టుకో. వ్యవసాయ శాఖ వాళ్ల మట్టి పరీక్షకు మీ కయ్య మట్టి ఇవ్వు, ఈసీ (మట్టిలో ఉప్పు ఎంతుందో చెప్పే అంకె) 4 దాటితే ఉప్పు నేల కిందే లెక్క. బావి నీళ్లలో కరిగిన లవణాలు లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉంటే మంచిది, వేరే దిక్కు లేనప్పుడు కూడా 2000 మించకూడదు. కాగితం మీద అంకె ఉంటే మాట మీ రెండు కుటుంబాల మీద నుంచి నీళ్ల మీదికి మళ్లుతుంది.

చట్టం సంగతి కూడా చెబుతాను, బెదిరించడానికి కాదు, తెలిసి ఉండటానికి. 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు రొయ్యల చెరువుల మీద పెద్ద తీర్పు ఇచ్చింది, ఆ కేసు వేసింది తమిళనాడుకు చెందిన గాంధేయవాది జగన్నాథన్. ఆ తర్వాత 2005లో తీరప్రాంత ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం వచ్చింది, గుంటకు రిజిస్ట్రేషన్ ఉండాలి. దాని కింద వచ్చిన మార్గదర్శకాల్లో వ్యవసాయ భూమిని రొయ్యల గుంటగా మార్చకూడదని, తాగునీటి వనరుకు 100 మీటర్ల దూరం పాటించాలని, 500 మందికి మించి జనాభా ఉన్న ఊరికి 300 మీటర్ల అవతల ఉండాలని ఉంది. మీ బావికీ ఆ గుంటకూ మధ్య దూరం టేపు పెట్టి కొలిపించి ఉంచు. జిల్లా మత్స్యశాఖలో అర్జీ ఇవ్వొచ్చు, సోమవారం కలెక్టరేటులో ప్రజా సమస్యల పరిష్కార వేదికలోనూ ఇవ్వొచ్చు.

అయితే నా మాట, గుంట పూడ్చేయమని మొదలుపెట్టవద్దు. అప్పు తెచ్చి గుంట తవ్వినవాడికి ఆ మాట ఉరితాడులా వినపడుతుంది. 1994లో వైరస్ వచ్చి మన తీరంలో గుంటలకు గుంటలు ఒట్టిపోయినప్పుడు కుదేలైన ఇళ్లు మన కళ్ల ముందే ఉన్నాయి, టైగర్ రొయ్య పోయి 2009లో వనామీ రకం రొయ్య వచ్చిందాకా కోలుకోనివాళ్లూ ఉన్నారు. అతని భయం కూడా నిజమే. గట్టు పక్కన ఊటనీళ్లు పట్టుకునే కాలవ తీయమను, గుంట నీళ్లు పంట కాలవలోకి వదలొద్దను, రొయ్యల పట్టుబడి అయ్యాక ఆ నీళ్లు ఎటు పోతాయో అడుగు. ఈ మూడింటికీ ఒప్పుకోకపోతే అర్జీ పెట్టు, బంధువని వెనకాడకు. నేల ఒకసారి ఉప్పెక్కితే మళ్లీ వరి పండటానికి ఎన్నేళ్లు పడుతుందో, మీ పిలకాయలకు ఆ కయ్య కావాలి కదా.

ప్రశ్న: వాట్సాప్ గ్రూపులో పార్టీల గురించి మాటా మాటా పెరిగి ఆర్నెల్లుగా మా నాన్నతో మాటల్లేవు. ఆయన ఒంగోలు దగ్గర ఊళ్లో, నేను హైదరాబాదులో. ఎట్లా కలపాలి?

జవాబు: ఈ శనివారం బస్సెక్కు. నాయకుల పేర్లు ఎత్తకుండా గుండ్లకమ్మ గురించి అడుగు, చిన్నప్పుడు ఏట్లో చెలమ తీసి నీళ్లు తాగారా, ఇసుక ఎప్పటి నుంచి తగ్గింది, ఎందుకు తగ్గింది అని. ఆయన చెప్పేదాంట్లో రాజకీయం రాకుండా ఉండదు, రానీ. అది ఎవరో ఫార్వర్డ్ చేసింది కాదు, ఆయన చూసింది. విను, మధ్యలో అందుకోవద్దు.

ప్రశ్న: నేను కనిగిరి వైపు డిగ్రీ చదువుతున్నాను. మా ఊళ్లో పిల్లల పళ్లు గోధుమరంగు చారలతో ఉంటాయి, మా తాత నడుం వంగిపోయింది. ఫ్లోరైడ్ అని అందరికీ తెలుసు. కాలేజీలో దీని గురించి మాట్లాడదామంటే "రాజకీయాలు వద్దు" అంటున్నారు. నీళ్ల గురించి అడగడం రాజకీయమా?

జవాబు: అవును నాయనా, రాజకీయమే, అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. తాగునీళ్లు ఎక్కడి నుంచి ఎవరికి రావాలో తేల్చేది రాజకీయం కాకపోతే మరేమిటి? పార్టీ జెండా పట్టుకోవద్దంటే సరే, అంతవరకు కాలేజీ మాట విను.

మాట్లాడేటప్పుడు మాత్రం వివరంగా మాట్లాడు. నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి, గత్యంతరం లేకపోతే 1.5 దాకా. మీ వీధి బోరులో ఎంతుందో పరీక్ష చేయించు. కాచి తాగితే పోతుందని ఇప్పటికీ అనుకునేవాళ్లు ఉన్నారు, అది ముందు పోగొట్టాలి. కాచితే నీళ్లు ఇగిరి ఫ్లోరైడ్ ఇంకా చిక్కబడుతుంది. ఇక వెలిగొండ ప్రాజెక్టు. శంకుస్థాపన 1996లో జరిగింది, నువ్వు పుట్టకముందు. శ్రీశైలం నుంచి కృష్ణా నీళ్లు తేవడానికి కొండలో తవ్విన రెండు సొరంగాలు ఒక్కోటి 18 కిలోమీటర్ల పైనే. ఓట్లకు వచ్చినవాళ్లను "నీళ్లు ఎప్పుడిస్తారు" అని అడిగితే అందరిదీ ఒకటే సమాధానం, వచ్చే ఏడాది. దానికి బదులు, ఆ ప్రాజెక్టు జలాశయం నల్లమల సాగర్ ముంపు గ్రామాల వాళ్లందరికీ పరిహారం ముట్టిందా, మా మండలానికి నీళ్లు తెచ్చే కాలువ ఏది, అది ఎంతవరకు తవ్వారు అని అడుగు. దాటవేయడానికి వీలైన ప్రశ్నలు కావు ఇవి, రెండోసారి వచ్చినప్పుడు మళ్లీ ఇవే అడుగు.

ప్రశ్న: మాది కలిగిరి దగ్గర. గ్రామసభలో మా ఆడవాళ్లను వెనక కూర్చోబెట్టి సంతకాలు తీసుకుని పంపేస్తారు. ఊళ్లో బెల్టుషాపు, డ్రైనేజీ, రెండూ చెప్పాలని ఉంది. లేచి మాట్లాడితే ఇంటికొచ్చి మా ఆయన్ని అంటారేమోనని భయం.

జవాబు: నీ ఉత్తరంలో కలిగిరి పేరు చూసి కాసేపు అట్లాగే కూర్చున్నానమ్మా. సారా మీద ఆడవాళ్ల పోరాటం మొదలైన దూబగుంట మీ మండలమే కదా. 1991 నాటికి మన జిల్లాలో అక్షర దీపం పేరుతో రాత్రిబడులు నడిచాయి. కూలి నుంచి వచ్చి, వండి పెట్టి, లాంతరు దగ్గర అక్షరాలు దిద్దుకుంటూ మా ఇంట్లో సారా ఇట్లా చేస్తోంది అంటే మా ఇంట్లో ఇట్లా అని ఒకరికొకరు చెప్పుకున్నారు. అక్కడ ఉపన్యాసాలు ఇచ్చింది ఎవరూ లేరు, చెప్పుకోవడమే. వర్ధినేని రోశమ్మ, ఆమెతో ఉన్న ఆడవాళ్లు ఊళ్లోకి సారా రానివ్వలేదు, అది ఊరూరా పాకి 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారాను నిషేధించక తప్పలేదు. 1995లో మొత్తం మద్యాన్నే నిషేధించారు, రెండేళ్లకు దాన్ని ఎత్తేశారు. ఎత్తేశారు కాబట్టి వాళ్ల పోరాటం వృథా అనేవాళ్లను చూస్తే నాకు కడుపు మండుతుంది. ఆ రెండేళ్లు కూలి డబ్బులు ఇంటికి చేరిన ఇళ్లను అడగండి.

ఒక్కదానివే లేవొద్దు. సభకు వారం ముందు పొదుపు సంఘం మీటింగులో రెండు విషయాలూ కాగితం మీద రాసి పదిమంది సంతకాలు పెట్టండి, పదిమందీ ఒకే వరసలో కూర్చోండి, ఒకరు చదవండి. అప్పుడు ఇంటికొచ్చి అనాలంటే పది ఇళ్లకు తిరగాలి. ఓటర్ల జాబితాలో పేరున్న ప్రతి ఒక్కరూ గ్రామసభ సభ్యులే, మాట్లాడనివ్వడం ఎవరి దయా కాదు. మీరు చెప్పింది తీర్మానాల పుస్తకంలో రాసేదాకా కదలొద్దు, రాశాక ఫోనుతో ఫోటో తీసుకోండి. తీయనివ్వకపోతే సమాచార హక్కు కింద కాపీ అడగండి, మన రాష్ట్రంలో గ్రామస్థాయిలో ఆ దరఖాస్తుకు రుసుము లేదు, మండలంలో అయితే 5 రూపాయలు.

సభ ఏ రోజో తెలిశాక నాకు ఒక కార్డు ముక్క రాయి తల్లీ. నెల్లూరు నుంచి పొద్దున బస్సుకు బయల్దేరితే అందుకుంటాను. మీ ఊరి ఓటు నాకు లేదు కాబట్టి మాట్లాడను, మీ వెనక వరసలో కూర్చుంటాను.