అవలాంచికి ముందు గడ్డి మీద ప్రాక్టీస్ చెయ్యి

తమ్ముడూ, చిన్నప్పటి నుంచి వానపాము గాలమే అలవాటు, కొత్త ఫ్లై రాడ్‌తో (ఈకల ఎర విసిరే గాలం కర్ర) ఎర పది అడుగుల దూరం కూడా పడటం లేదు, వచ్చే నెల బెంగళూరు నుంచి నీలగిరిలోని అవలాంచికి ట్రౌట్ చేపల కోసం వెళ్లాలి అన్నావు కదా. రాడ్ మార్చకు. మామూలు గాలంలో సీసం గుండు దారాన్ని లాక్కెళ్తుంది. ఇక్కడ ఈకల ఎరకు బరువే ఉండదు, లావుపాటి లైనే దాన్ని మోసుకెళ్లాలి. అందుకే వెనక్కి విసిరాక ఒక్క క్షణం ఆగు, లైన్ వెనకాల సాగాకే ముందుకు విసురు. కొరడా చప్పుడు వస్తోందంటే తొందరపడ్డట్టే.

మీ అపార్ట్‌మెంట్ గడ్డి మీద రోజూ పావుగంట చాలు. కొక్కెం వద్దు, ఎర్ర ఉన్ని ముక్క కట్టు. నేను కొక్కెంతోనే మొదలుపెట్టి చెవి తమ్మెకు గుచ్చుకున్నాను. కొక్కెం కొనలో వెనక్కి ఉండే ముల్లు ముందే నొక్కేశాను కాబట్టి సులువుగా ఊడొచ్చింది. మా ఆవిడ ఇప్పటికీ 'పోగు ఏదీ' అంటుంది.

9 అడుగుల 5 నంబర్ (ఎంత బరువు లైన్‌కో చెప్పే నంబర్) రాడ్, తేలే లైన్ సరిపోతాయి. ట్రౌట్‌కి చల్లటి నీళ్లు కావాలి. తెల్లవారగానే, సరస్సులో వాగు వచ్చి కలిసే చోట వెయ్యి.

అక్కడి ట్రౌట్ హేచరీ (చేపపిల్లల్ని పొదిగించే కేంద్రం) 1907 నాటిది, కానీ చుట్టూ అడవి. మత్స్యశాఖ, అటవీశాఖ రెండింటి దగ్గరా అనుమతి సంగతి తేల్చుకున్నాకే రూమ్ బుక్ చెయ్యి. నీలగిరికి వెళ్లే బండికి ఈ-పాస్ (ఆన్‌లైన్ అనుమతి) కూడా చూసుకో. మైసూరు దాటాక వచ్చే బండీపూర్ అడవి రోడ్డు రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మూసేస్తారు, శుక్రవారం ఆఫీసు అయ్యాక బయల్దేరితే మైసూరులోనే పడుకోవాలి.